చేపకు ముందు నీళ్ళు: ఇంట్లో ఏంజెల్ చేపలు పెంచాలనుకునేవారికి

 

వార్షిక పరీక్షలు అయిపోయాయంటే మన బళ్ళో చాలామంది పిల్లల ఇళ్ళకు కొత్తగా చేపలు వస్తాయి. పుట్టినరోజు అనో, మంచి మార్కులు వచ్చాయనో, తమ్ముడు ఏడుస్తున్నాడనో కొళత్తూరు వెళ్ళి, ప్లాస్టిక్ సంచిలో నాలుగు రంగు చేపలు, ఒక గుండ్రటి గాజుగిన్నె కొనుక్కొస్తారు. సెలవులై బడి తెరిచేసరికి చాలా ఇళ్ళల్లో ఆ గిన్నె ఖాళీ. "మాకు చేపలు అచ్చిరావు సార్" అంటారు కొందరు తల్లులు. "నీ చెయ్యి మంచిది కాదు" అని పిల్లల్ని అనేవాళ్ళూ ఉన్నారు.

అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదు. చేతి మంచిచెడ్డల ప్రసక్తి అసలే లేదు. కొత్త తొట్టెలో చేపలు చచ్చిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒక్కటే: నీళ్ళు సిద్ధం కాకముందే చేపలు వచ్చేశాయి. చేపను పెంచడం అంటే నిజానికి నీళ్ళను కాపాడడం. నీళ్ళు బాగుంటే చేప తన సంగతి తాను చూసుకుంటుంది. ఈ ఒక్క మాట పిల్లలకు అర్థమైతే మిగతావన్నీ తేలిక. పిల్లలు ఎక్కువగా అడుగుతున్నది ఏంజెల్ చేపల గురించే కాబట్టి, ఆ చేపనే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ఈ చేప ఎక్కడిది?

ఏంజెల్ చేప మన చెరువుల చేప కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం దాని పుట్టిల్లు. బ్రెజిల్, పెరూ, కొలంబియా దేశాల్లో, ప్రవాహం నెమ్మదిగా ఉండేచోట, నీటిమొక్కలూ మునిగిన చెట్ల వేర్లూ ఉండేచోట గుంపులుగా తిరుగుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని మొదట వర్ణించింది 1823లో. దాని శాస్త్రీయ నామం టెరోఫిల్లమ్ స్కలేర్. టెరోఫిల్లమ్ అనే మాటలో రెండు గ్రీకు మాటలున్నాయి. ఒకదానికి రెక్క అని, రెండోదానికి ఆకు అని అర్థం. చూస్తే నిజంగానే నిలబెట్టిన ఆకులా ఉంటుంది.

ఆ ఆకారం అందం కోసం వచ్చింది కాదు. రెండు పక్కలా అణిచినట్టు పల్చగా ఉన్న శరీరం వేర్ల సందుల్లోంచి సులువుగా దూరిపోతుంది. ఒంటిమీద ఉన్న నల్లటి నిలువు చారలు మొక్కల నీడల్లో కలిసిపోతాయి. వేటాడే పెద్ద చేపకు కనబడకుండా ఉండడానికి అదొక ఉపాయం. ఈ మూడు సంగతులూ, అంటే నెమ్మది నీరు, మొక్కలు, గుంపు, గుర్తుపెట్టుకోండి. తొట్టె అమర్చేటప్పుడు మనం చేసే ప్రతి పనీ వీటినుంచే వస్తుంది.

ఏంజెల్ చేపది సిక్లిడ్ కుటుంబం. మన చేపల మార్కెట్లో అమ్మే జిలేబీ చేప, కేరళవాళ్ళు ఇష్టంగా తినే కరిమీన్ కూడా ఈ కుటుంబానివే. గుడ్లనూ పిల్లల్నీ కాపలా కాయడం ఈ కుటుంబంలో ఎక్కువగా కనిపించే గుణం. దాని సంగతి తర్వాత చెబుతాను.

అంగడిలో మనం కొనే ఏంజెల్ చేప అమెజాన్ నుంచి వచ్చింది కాదు. చెన్నైలో రంగు చేపలంటే ముందు గుర్తొచ్చేది కొళత్తూరే. అక్కడ తరాలుగా ఇళ్ళల్లోనూ తొట్లలోనూ వీటిని పెంచి అమ్ముతున్నారు. అంటే అవి మన ఊరి నీళ్ళకు కొంత అలవాటుపడ్డ చేపలే. ఇది మనకు కలిసొచ్చే విషయం.

గిన్నె వద్దు, తొట్టె కావాలి

కొనేటప్పుడు ఏంజెల్ చేప రూపాయి బిళ్ళంత ఉంటుంది. కానీ అది పెరిగి, శరీరం సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, పైరెక్క కొసనుంచి కిందిరెక్క కొసదాకా 20 సెంటీమీటర్లకు పైగా ఎత్తు అవుతుంది. బాగా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది. ఆరో తరగతిలో కొన్న చేప, మీరు కాలేజీకి వెళ్ళే రోజుల్లోనూ తొట్టెలో ఈదుతూ ఉంటుందన్నమాట. ఈ లెక్క ముందే తెలుసుకుని కొనాలి.

ఈ చేపకు పొడవు ఎంత ముఖ్యమో ఎత్తు అంతకన్నా ముఖ్యం. ఒకటిన్నర అడుగుల కంటే తక్కువ ఎత్తున్న తొట్టెలో పెద్ద ఏంజెల్ చేప రెక్కలు వంగిపోతాయి. పిల్లలు ఈ లెక్క వెయ్యండి. 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టె ఘనపరిమాణం 3 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగులో సుమారు 28.3 లీటర్లు పడతాయి. అంటే 85 లీటర్లు. ఇది ఎదిగిన ఒక జంటకు సరిపోతుంది. గుంపుగా అయిదారు చేపలు పెంచాలంటే 3 అడుగుల పొడవు, ఒకటిమ్ముప్పావు కాకపోయినా ఒకటింపావు అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు కావాలి. అందులో సుమారు 160 లీటర్లు పడతాయి.

లీటరు నీళ్ళ బరువు ఒక కిలో. కాబట్టి పెద్ద తొట్టె గాజుతో, రాళ్ళతో కలిపి రెండు క్వింటాళ్ళ దాకా తూగుతుంది. దాన్ని టీవీ బల్ల మీదో, పుస్తకాల అలమర మీదో పెట్టకూడదు. గట్టి ఇనుప స్టాండు ఉండాలి, తొట్టె కింద పల్చటి థర్మోకోల్ పలక ఉండాలి. కిటికీ ఎండ నేరుగా పడేచోట పెట్టకండి. నీళ్ళు పచ్చబడతాయి, మే నెలలో అయితే వేడెక్కిపోతాయి కూడా.

గాజుగిన్నె ఎందుకు వద్దంటున్నానో కూడా లెక్కలోనే ఉంది. 5 లీటర్ల గిన్నెలో ఒక చేప వదిలే వ్యర్థం, అదే చేప 85 లీటర్ల తొట్టెలో వదిలే వ్యర్థం ఒకటే. కానీ గిన్నెలో దాని గాఢత 17 రెట్లు ఎక్కువ. తేడా అంతా అక్కడే.

నీళ్ళు సిద్ధం కావడం అంటే ఏమిటి?

ఇక అసలు విషయానికి వద్దాం. పై తరగతుల పిల్లలు సైన్సు పాఠంలో నత్రజని వలయం బొమ్మ వేసే ఉంటారు. చాలామంది బాణం గుర్తులు కంఠస్థం చేసి పరీక్షలో వేస్తారు. ఆ బొమ్మ మొత్తం మీ ఇంటి తొట్టెలో జరుగుతుంది.

చేప తన వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే వస్తుంది. అమ్మోనియా చేపకు విషం. అది మొప్పలను కాల్చేస్తుంది. నీళ్ళు అద్దంలా మెరుస్తున్నా అందులో అమ్మోనియా ఉండవచ్చు. అది కంటికి కనబడదు. అందుకే "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా సార్, ఎందుకు చచ్చిపోయాయి?" అని అడుగుతారు.

ప్రకృతిలో ఈ విషాన్ని తినేసే బ్యాక్టీరియా ఉంటాయి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోకి చేరి ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది. నీళ్ళలో గాలి ఉన్నా చేప ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంది. రెండో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ తక్కువ మోతాదులో చేపకు పెద్దగా హాని చెయ్యదు, మొక్కలకు అది ఎరువు. ఈ పని చేసే బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త విడదీసి చూపించారు.

కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండవు. అవి ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద కాపురం పెట్టి, పెరిగి, పనికి సరిపడా సంఖ్యకు రావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాలు తోడు పెట్టిన వెంటనే పెరుగు అవ్వదు కదా, ఇదీ అంతే. తోడుకునేదాకా ఆగాలి. కాకపోతే పెరుగుకు ఒక రాత్రి చాలు, దీనికి ఒక నెల కావాలి.

మన ఊళ్ళో దీనికి ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, క్షారగుణం ఎక్కువ. పీహెచ్ 7 ఉన్న నీళ్ళలో, 25 డిగ్రీల దగ్గర, మొత్తం అమ్మోనియాలో బాగా విషపూరితమైన రూపం నూటికి సగం పాలు మాత్రమే ఉంటుంది. పీహెచ్ 8 అయితే అది నూటికి 5 పాలకు పైగా, అంటే సుమారు పది రెట్లు అవుతుంది. వేడి పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతుంది. కాబట్టి వేడి, క్షారం రెండూ ఉన్న మన నీళ్ళలో సిద్ధంకాని తొట్టె మరింత ప్రమాదం.

నెల రోజుల పని

వేసవి సెలవులు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. సెలవులు మొదలవగానే తొట్టె తెచ్చుకోండి. చేపలు మాత్రం బడి తెరిచే రోజుల్లో తెచ్చుకోండి. మధ్యలో చెయ్యవలసినవి ఇవి.

మొదటి రోజు: గులకరాళ్ళను ఉత్త నీళ్ళతో బాగా కడగండి. సబ్బు, సర్ఫు తగలకూడదు. తొట్టెను నింపండి. కుళాయి నీళ్ళలోనూ, లారీ నీళ్ళలోనూ క్లోరిన్ ఉంటుంది. అది చేపకూ మంచిది కాదు, మనం పెంచాలనుకునే బ్యాక్టీరియాకూ మంచిది కాదు. నీళ్ళను వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. లేదా చేపల అంగడిలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన మోతాదులో వెయ్యండి.

స్పాంజి ఫిల్టరు, దానికి గాలి పంపే చిన్న మోటారు పెట్టండి. ఏంజెల్ చేపకు జోరుగా తోసే ప్రవాహం పడదు కాబట్టి స్పాంజి ఫిల్టరే మేలు. అమెజాన్ స్వోర్డ్ లాంటి వెడల్పాకు మొక్కలు రెండు మూడు నాటండి. పేరులోనే ఉంది, అదీ ఈ చేప ఊరి మొక్కే.

రెండో రోజునుంచి: తొట్టెలో చేప లేకపోయినా రోజూ చిటికెడు చేపమేత వెయ్యండి. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అదే బ్యాక్టీరియాకు ఆహారం. మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో ఏళ్ళుగా బాగున్న తొట్టె ఉంటే, వాళ్ళ ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకుని మీ ఫిల్టరు పక్కన పెట్టండి. అది తోడు లాంటిది, పని త్వరగా అవుతుంది.

వారానికి రెండుసార్లు: అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే చుక్కల కిట్టు కొనండి. చేపకంటే దీని ఖరీదు ఎక్కువే. అయినా కొనవలసింది ముందు ఇదే. మొదట్లో అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరికి మేత వేస్తున్నా రెండూ సున్నా చూపిస్తాయి. ఆ రోజు మీ నీళ్ళు సిద్ధమైనట్టు. సగం నీళ్ళు మార్చి, మర్నాడు చేపలు తెచ్చుకోవచ్చు.

పిల్లలూ, ఈ అంకెలన్నీ తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి గ్రాఫు గీయండి. పుస్తకంలోని బాణం గుర్తులకు మీ చేతి గ్రాఫు సాక్ష్యం చెబుతుంది.

చేపలను ఎంచుకోవడం, తేవడం

అంగడిలో చురుగ్గా ఈదే చేపను, రెక్కలు విప్పి ఉన్న చేపను, మేత వేస్తే ముందుకు వచ్చే చేపను తీసుకోండి. మూలన నిలబడినది, రెక్కలు ముడుచుకున్నది, ఒంటిమీద తెల్ల చుక్కలున్నది వద్దు. అదే తొట్టెలో ఒక్క చచ్చిన చేప ఉన్నా ఆ తొట్టెలోంచి కొనకండి.

పెద్ద తొట్టె అయితే చిన్న చేపలు అయిదు తీసుకోండి. చిన్నప్పుడు మగా ఆడా చూసి చెప్పలేం. పెరిగాక వాటిలో అవే జత కుదుర్చుకుంటాయి. జత కట్టాక మిగతావాటిని తరుముతాయి. అప్పుడు మిగిలినవాటిని ఏం చెయ్యాలో ముందే అంగడివారితో మాట్లాడుకోండి. పెరిగిన చేపలను తిరిగి తీసుకునేవారు ఉంటారు.

సంచిని విప్పకుండా 20 నిమిషాలు తొట్టె నీళ్ళ మీద తేలనివ్వండి. వేడి సమానమవుతుంది. తర్వాత సంచిలోకి కొద్దికొద్దిగా తొట్టె నీళ్ళు పోస్తూ అరగంట అలవాటు చెయ్యండి. చివరికి చేపను వలతో ఎత్తి వదలండి. సంచి నీళ్ళు తొట్టెలో పొయ్యకండి.

తోడు చేపల విషయంలో జాగ్రత్త. ఏంజెల్ అని పేరేగానీ నోట్లో పట్టే చేపను మింగేస్తుంది. నియాన్ టెట్రాలు, గప్పీ పిల్లలు దానికి పలహారం. టైగర్ బార్బ్ అయితే ఎదురు తిరిగి దీని పొడవాటి రెక్కలు కొరుకుతుంది. అడుగున తిరిగే కోరీడోరాస్ చేపలతో పేచీ ఉండదు.

రోజువారీ పనులు

మేత రోజుకు రెండు పూటలు చాలు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యండి. చేప ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే దగ్గరికి వస్తుంది. అది దాని స్వభావం, నమ్మకండి. ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు వేస్తే ఆ తొట్టె పాడయినట్టే. అన్నం మెతుకులు, బిస్కెట్టు ముక్కలు, బ్రెడ్డు అసలు వద్దు. మురుగు నుంచి తెచ్చే బతికున్న పురుగులతో రోగాలు వస్తాయి, అవీ వద్దు. వారంలో ఒక రోజు ఉపవాసం ఉంచితే మంచిదే.

వారానికి ఒకసారి పావువంతు నీళ్ళు మార్చండి. 85 లీటర్ల తొట్టెకు సుమారు 20 లీటర్లు, అంటే ఒకటిన్నర బిందె. మొత్తం నీళ్ళు తీసేసి తళతళలాడేలా కడగడం మనవాళ్ళకు అలవాటు. శుభ్రం అనుకుని చేసే ఈ పనే చాలా చేపల ప్రాణం తీస్తుంది. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండితే నెల రోజులు పెంచిన బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతాయి. తొట్టెలోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టెయ్యాలి. తీసిన నీళ్ళు పారబొయ్యకండి. తులసికీ, మల్లెకూ పొయ్యండి. అందులో నైట్రేట్ ఉంది. 2019 వేసవిలో బిందె నీళ్ళ కోసం వీధుల్లో నిలబడిన ఊరు మనది. ఇక్కడ నీళ్ళు వృథా చేసే సరదా ఏదీ సరదా కాదు.

మన కుళాయికి వచ్చే నీళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఒక కాలంలో చెరువు నీళ్ళు, ఒక కాలంలో కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్ళు, కొన్ని పేటలకు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి. అందుకే ఒక్కసారి ఎక్కువగా మార్చకుండా, కొంచెం కొంచెంగా మార్చమంటున్నాను. బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉంటే సగం ఆర్వో నీళ్ళు కలపండి. అచ్చంగా ఆర్వో నీళ్ళే పొయ్యకండి, అందులో చేపకు కావలసిన లవణాలు ఉండవు. పీహెచ్ తగ్గించే మందులు రోజుకొకటి పోసే పని పెట్టుకోవద్దు. అటూ ఇటూ ఊగే నీళ్ళకంటే కాస్త క్షారంగా ఉన్నా స్థిరంగా ఉండే నీళ్ళే మేలు.

నీళ్ళ వేడి 25 నుంచి 28 డిగ్రీలు ఉంటే హాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిన్న హీటరు అవసరం కావచ్చు. మే నెలలో నీళ్ళు 30 దాటితే మూత కొంచెం తెరిచి, నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి గాలి మోటారు ఆపకండి. ఐసు గడ్డలు నేరుగా వెయ్యకండి.

తొట్టెలో చెయ్యి పెట్టే ముందు హీటరు, మోటారు, లైటు స్విచ్చులన్నీ ఆపి ప్లగ్గు తియ్యాలి. ఇది తల్లిదండ్రులు దగ్గరుండి నేర్పించవలసిన విషయం. వైరు నేరుగా ప్లగ్గుకు పోకుండా కిందికి వంగి పైకి లేచేలా ఉంచితే, వైరు వెంట జారే నీటి చుక్క ప్లగ్గులోకి పోదు.

కరెంటు పోతే, ఊరికి వెళ్తే, జబ్బు చేస్తే

2015 డిసెంబరు వరదలప్పుడూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడూ మన పేటల్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మేత పూర్తిగా ఆపండి. తినని చేప తక్కువ వ్యర్థం వదులుతుంది. చెంబుతో తొట్టె నీళ్ళే ముంచి అడుగు ఎత్తునుంచి తిరిగి పొయ్యండి. గంటకోసారి పదిసార్లు అలా పోస్తే గాలి కలుస్తుంది. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉంటే మరీ మంచిది.

సంక్రాంతికి నెల్లూరో తిరుపతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలదు. పక్కింటివాళ్ళకు డబ్బా అప్పగిస్తే జాలిపడి గుప్పెడు వేస్తారు. ఎక్కువ రోజులు వెళ్తుంటే ఏ రోజు మేత ఆ రోజుకు పొట్లాలు కట్టి, తేదీ రాసి ఇవ్వండి.

చేప పైకొచ్చి నోరు తెరుస్తున్నా, రెక్కలు ముడుచుకున్నా ముందు మందు కాదు, నీళ్ళు చూడండి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. ఏది కనబడ్డా క్లోరిన్ తీసిన నీళ్ళతో సగం మార్చండి. ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది తెల్లచుక్కల వ్యాధి. దానికి కారణమైన పరాన్నజీవి చేప చర్మంలో ఉన్నంతసేపూ మందు దాన్ని తాకలేదు. అది బయటపడి నీళ్ళలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయాయని రెండో రోజే మందు ఆపితే మళ్ళీ వస్తుంది. నీళ్ళ వేడిని రోజుకు ఒక డిగ్రీ చొప్పున 30 దాకా పెంచి, గాలి ఎక్కువ చేసి, సీసా మీద చెప్పిన రోజులన్నీ మందు వాడాలి.

గుడ్లు పెడితే

జత కుదిరిన చేపలు ఒక వెడల్పాటి ఆకునో, ఫిల్టరు గొట్టాన్నో ఎంచుకుని నోటితో శుభ్రం చేస్తాయి. తల్లి వరసలుగా కొన్ని వందల గుడ్లు పెడుతుంది. తండ్రి వెనకే వస్తాడు. తర్వాత ఇద్దరూ వంతులవారీగా రెక్కలతో గుడ్లకు గాలి విసురుతారు, బూజు పట్టిన గుడ్డును తీసేస్తారు. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. వారానికి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి.

మొదటి ఒకటి రెండు కాన్పుల్లో తల్లిదండ్రులే గుడ్లు తినెయ్యడం మామూలు. అలజడి ఎక్కువైనా తింటాయి. చూసి పిల్లలు ఏడుస్తారు. అది పాపం కాదు, కొత్త జంట తడబాటు అని చెప్పండి. తొట్టె దగ్గర గాజు మీద కొట్టడం, లైటు ఆపి వెయ్యడం మానితే తర్వాతి కాన్పు నిలుస్తుంది.

వద్దనుకుంటే ఏం చెయ్యాలి?

దయచేసి చెరువులోనో కాలవలోనో వదలకండి. పుణ్యం అనుకుని వదులుతారు, అది పుణ్యం కాదు. తొట్టె గాజు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప ఇందుకు ఉదాహరణ. అదీ దక్షిణ అమెరికాదే. పెరిగిపోయిందని జనం వదిలేసినవి ఇవాళ చెన్నై నీళ్ళలోనూ, ఆంధ్రలో చేపల చెరువుల్లోనూ పెరిగి, వలలు చింపి, మన చేపల మేత తినేస్తున్నాయి. పెంచలేకపోతే అంగడికో, పెంచేవారికో ఇచ్చెయ్యండి. ఖాళీ అయిన తొట్టెను నీళ్ళు వంపి, ఆరబెట్టి, బోర్లించండి. నిలవ నీళ్ళుంటే డెంగీ దోమలు పుడతాయి.

తల్లిదండ్రులకు చివరిగా

పిల్లవాడు అడిగాడని కొన్న చేప, రెండు వారాల తర్వాత అమ్మ నెత్తిన పడడం మనందరికీ తెలిసిందే. అందుకని కొనకముందే పనులు పంచుకోండి. మేత ఎవరు, నీళ్ళు ఎవరు, నోటుబుక్కు ఎవరు అన్నది కాగితం మీద రాసి తొట్టె పక్కన అంటించండి. చిన్న తరగతి పిల్లలకు మేత, పై తరగతి పిల్లలకు పరీక్షలు, బిందె ఎత్తే పని పెద్దవాళ్ళకు.

చోటు లేదు, తీరిక లేదు అనిపిస్తే ఈ ఏడు వద్దని చెప్పడం కూడా మంచి నిర్ణయమే. ఒక ప్రాణాన్ని తెచ్చుకోకముందే దాని గురించి ఆలోచించడం పిల్లలు మన దగ్గర నేర్చుకోవలసిన పాఠం. నెల రోజులు ఖాళీ తొట్టె ముందు కూర్చుని, అంకెలు రాసుకుంటూ, సున్నా వచ్చేదాకా ఆగగలిగిన పిల్లవాడు చేపలను పెంచగలడు.

సెలవుల్లో తొట్టె మొదలుపెట్టే 6 నుంచి 9 తరగతుల విద్యార్థులు తమ నోటుబుక్కును, గ్రాఫును బడి తెరిచిన మొదటి వారంలో సైన్సు ఉపాధ్యాయులకు చూపించవచ్చు. పరీక్ష ఫలితం అర్థం కాకపోతే, చేపలు కొనకముందే వచ్చి అడగండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు